చేపల హాజరు పట్టీ

ప్రత్యేక కమిషనర్ ఉమాకాంతం గారు చేపల శాఖకు బదిలీ అయి వచ్చేనాటికి చేపను కంచంలో తప్ప ఇంకెక్కడా చూసి ఎరగరు. అది ఆయన తప్పు కాదు. అంతకుముందు పదకొండేళ్లు ఆయన హాస్టళ్లలో విద్యార్థుల హాజరు చూసే విభాగంలో పనిచేశారు. లేని పిల్లల పేరున అన్నం వండించిన వార్డెన్లను డజన్ల కొద్దీ పట్టుకుని మంచి పేరు తెచ్చుకున్నారు. కంటికి కనిపించనిదాన్ని నమ్మకూడదన్నది ఆయన ఉద్యోగ ధర్మం. అలాంటి మనిషికి ప్రభుత్వం, కంటికి కనిపించకుండా బతికే ప్రాణుల్ని అప్పగించింది.

వచ్చిన వారానికే ఆయన కొల్లేటి వైపు పర్యటన పెట్టుకున్నారు. గువ్వలంక అతిథి గృహంలో బస చేసి, తెల్లవారగానే ఉదయపు నడకకు చెరువు గట్ల మీద బయలుదేరారు. వెంట ఇన్‌స్పెక్టరు కృపానందం ఉన్నాడు. మూడు రోజులుగా ముసురు పట్టి ఉంది. ఎండ మొహం చూడని నీళ్లలో గాలి తగ్గుతుంది. తెల్లవారుజామున మరీ అడుగంటుతుంది. ఇది గువ్వలంకలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

మొదట తగిలింది బుల్లబ్బాయి చెరువు. నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లు అతనికీ ఉన్నాయి గానీ అతనికి నిద్రంటే మక్కువ ఎక్కువ, స్విచ్చు వేసేసరికి ఏ ఏడో అవుతుంది. దాంతో చెరువు నిండా చేపలు మూతులు పైకి పెట్టి, నోళ్లు తెరుస్తూ మూస్తూ, గుటకలు వేస్తూ నిలబడి ఉన్నాయి.

కమిషనర్ గారు ఠక్కున ఆగిపోయారు.

"ఏమయ్యా కృపానందం, ఇవన్నీ నేను వస్తున్నానని తెలిసే వచ్చాయంటావా?"

"సార్, అది... నీళ్లలో..."

"అడ్డు తగలకు. ఏదో విన్నవించుకుంటున్నాయి." అని ఆయన చెయ్యెత్తి చెరువుకు ఓ నమస్కారం పెట్టారు. "హాస్టళ్లలో పదకొండేళ్లు చూశాను. ఇంతటి నిండు హాజరు ఎక్కడా లేదయ్యా."

పక్కది నాంచారయ్య చెరువు. అయిదెకరాలు. పదివేల చేపపిల్ల వదిలి, పదమూడు నెలల నుంచి కన్నబిడ్డల్లా సాకుతున్నాడు. ఎక్కువ శీలావతి, కొంత బొచ్చె. చేప కిలోకి దగ్గరపడింది, ఇంకో మూడు నెలల్లో వల లాగి పట్టుబడి. ముసురు పట్టిన దగ్గర్నుంచి నాలుగు ఏరేటర్లూ ఆపకుండా తిప్పుతున్నాడు. అందుకని నీళ్ల మీద నురగ తప్ప ఇంకేమీ లేదు.

"చేపలేవి?" అన్నారు కమిషనర్ గారు.

"లోపలున్నయ్యండి."

"ఎన్ని?"

"పదివేలండి. ఓ యాభై అటూ ఇటూగా."

"లోపల ఉన్నాయనడానికి రుజువేమిటి?"

"పైకి రాకపోవటమేనండి," అన్నాడు నాంచారయ్య, ఇందులో అడగడానికేముందన్నట్టు.

ఉమాకాంతం గారు ఇన్‌స్పెక్టరు వంక చూసి నవ్వారు. ఎంతటి ఘరానా వార్డెనైనా ఇంత నిబ్బరంగా చెప్పలేదు ఆయనకి.

"పైకొత్తే కష్టమండి బాబూ. గాలి చాలకపోతేనే వత్తయ్యి. ఆ పక్క చెరువులో చూశారుగా, పాపం..."

"పక్క చెరువును ఏమీ అనకు. అక్కడ ప్రతి చేపా హాజరు. ఇక్కడ కరెంటు కాలుతోంది, మోటార్లు తిరుగుతున్నాయి, చేప మాత్రం లేదు. మాకు ఇలాంటివి కొత్త కాదులే," అని ఆయన నడక ముగించి టిఫినుకు వెళ్లిపోయారు.

ఇరవై రోజులకు సర్క్యులర్ వచ్చింది. దాన్ని కృపానందం గట్టు మీద నిలబడి రైతులకు చదివి వినిపించాడు.

"విషయము: మత్స్య సంపద, ప్రత్యక్ష ముఖ హాజరు, అమలు గురించి. తెలియజేయునది ఏమనగా, చెరువులందు కలవని చెప్పబడుచున్న చేపలు వాస్తవముగా కలవో లేవో నిర్ధారించు యంత్రాంగము ఇంతవరకు లేనందున, ఇకమీదట ప్రతి సోమవారము ఉదయము అయిదున్నర మొదలు ఆరు గంటల వరకు ప్రతి చేపయు తన ముఖమును నీటి ఉపరితలముపై స్పష్టముగా కనబరచవలెను. డెబ్బది అయిదు శాతమునకు తక్కువ హాజరు గల చెరువు ఖాళీ చెరువుగా పరిగణింపబడును. వరుసగా మూడు సోమవారములు హాజరు కానిచో విద్యుత్ సరఫరా నిలిపివేయబడును."

"చేపలకెవురు చెప్తారండీ?" అని ఎవరో అడిగారు.

"చెరువు యజమాని తగు విధముగా తెలియజేయవలెను అని ఉంది," అన్నాడు కృపానందం కాగితంలోంచి తల ఎత్తకుండా.

హాజరు తీసే పద్ధతి చాలా శాస్త్రీయంగా ఉంది. ఇన్‌స్పెక్టరు తన ఫోనును కర్రకు కట్టి చెరువు ఈశాన్య మూలన పాతాలి. ఈశాన్యమే ఎందుకంటే సర్క్యులర్‌లో ఈశాన్యమని ఉంది. ఫోనులోని యాప్ ఆ మూల పది గజాల మేర లేచిన తలలన్నీ అరగంట పాటు లెక్కపెట్టి, చెరువు విస్తీర్ణంతో హెచ్చవేసి, శాతం చెబుతుంది. తలను తప్ప దేన్నీ గుర్తుపట్టదు.

మొదటి సోమవారం నాంచారయ్య చెరువు హాజరు సున్నా.

రెండో సోమవారానికి అతను ఓ ఉపాయం చేశాడు. అక్కడి చెరువుల్లో తౌడును చిల్లుల సంచుల్లో నింపి వెదురు గడలకు కడతారు. చేపలు వచ్చి సంచిని పొడుచుకుని తింటాయి. నాంచారయ్య నాలుగు మేత సంచుల్ని ఈశాన్య మూలకు మార్చి, సగం నీటిపైకి తేలేలా కట్టాడు. చేపలు ఎగబడ్డాయి. నీళ్లు ఉడికినట్టు కదిలాయి. నూట పన్నెండు తలలు లేచాయని యాప్ ఒప్పుకుంది కూడా. మర్నాడే ఆఫీసు నుంచి తాఖీదు: "హాజరు సమయమున మేత చూపుట ప్రలోభపరచుట క్రిందికి వచ్చును. సదరు హాజరు రద్దు చేయడమైనది. స్వచ్ఛందముగా వచ్చిన చేపలు మాత్రమే పరిగణింపబడును."

ఇక మిగిలింది ఒక్క సోమవారం. అదీ పోతే కరెంటు తీస్తారు. కరెంటు పోతే ఏరేటర్లు ఆగుతాయి. ఏరేటర్లు ఆగాక ఒక్క ముసురు తెల్లవారుజాము చాలు, పద్నాలుగు నెలల కష్టం తెల్లగా పొట్టలు తిరగేసి తేలడానికి. నాంచారయ్యకు అన్నం సయించడం మానేసింది.

శనివారం సాయంత్రం కృపానందం మోటారు సైకిల్ గట్టు కింద ఆపి వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. నలుగురూ వినేలా నిజం చెప్పే అలవాటు తప్పిపోయిందంతే.

"నాంచారయ్యా, అందరూ చేస్తున్నదే నువ్వూ చెయ్యి. హాజరుకు రెండు గంటల ముందు మోటార్లు ఆపెయ్యి. అవే వస్తాయి."

"ఎట్టా వత్తయ్యో తెలవకే చెప్తన్నారా బాబూ?"

"తెలియకేం. నా చదువంతా అదే," అన్నాడు కృపానందం. "రెండేళ్లు గాజుతొట్టి ముందు కూర్చున్నాను. నీళ్లలో గాలి తగ్గగానే ముందు మొప్పలు గబగబా కొట్టుకుంటాయి. ఎక్కువ నీళ్లు లాగితే కాస్తన్నా దొరుకుతుందేమోనని. తర్వాత మేత మానేస్తుంది. ఈదడం తగ్గిస్తుంది. గుండె కూడా నెమ్మదిస్తుంది, ఉన్నదాన్ని పొదుపుగా వాడుకోడానికి. అప్పటికీ చాలకపోతే పైకొస్తుంది. గాలి తగిలే పైపొర నీళ్లు కాస్త మెరుగు కదా, అక్కడ మూతి పెట్టి ఆ పలుచటి పొరను జుర్రుకుంటుంది. అది కూడా చాలకపోతే..."

"చాలకపోతే నాకు తెలుసులెండి. ఇంత తెలిసినోరు ఆయనతో చెప్పకూడదా?"

"సర్క్యులర్‌లో కారణం అడగలేదు నాంచారయ్యా, తలకాయ అడిగారు."

ఆదివారం తెల్లవారాక నాంచారయ్య మనసు రాయి చేసుకుని ఓసారి పరీక్షకని మోటార్లు ఆపాడు. గంట గడిచాక నీటి మీద మొదటి మూతి కనిపించింది. పెద్ద శీలావతి. దాని వెనక ఇంకోటి, ఇంకో పది. అతను రోజూ మేత వేసే చేతులవైపే అవి నోళ్లు తెరిచినట్టనిపించింది. పరుగెత్తుకుంటూ వెళ్లి నాలుగు స్విచ్చులూ వేశాడు. గాలి తిరిగి నీళ్లకు అంది, ఆ తలలన్నీ ఒకదాని తర్వాత ఒకటి కిందికి దిగేదాకా గట్టు మీదే కూలబడ్డాడు. ఏమైతే అదైంది, ఈ పని మాత్రం తనవల్ల కాదనుకున్నాడు.

తక్కిన చెరువుల్లో పథకం దిగ్విజయంగా సాగుతోంది. బుల్లబ్బాయి ఏ శ్రమా పడకుండా తొంభై ఆరు శాతం సాధించాడు. నిద్రలేవకపోవడం ఒక యోగ్యత అవుతుందని అతనికి ముప్పై అయిదేళ్లొచ్చాకే తెలిసింది. కృపానందం పైకి పంపిన నివేదికలో తెగించి ఉన్నదున్నట్టు రాశాడు. చదివినవాళ్లెవరికైనా అర్థమవుతుందని ఆశపడ్డాడు. ప్రధాన కార్యాలయం దాన్ని ఒక్క అక్షరం కొట్టెయ్యకుండా, పక్కన వివరణ మాత్రం చేర్చి, అచ్చు వేయించింది: "హాజరు వేళ చేపలు మేత ముట్టుట లేదు, కావున పొదుపు అలవడినది. అనవసరముగా ఈదుట లేదు, కావున క్రమశిక్షణ హెచ్చినది. మొప్పలు రెట్టింపు వేగముతో ఆడుచున్నవి, కావున ఉత్సాహము ఉరకలు వేయుచున్నది. గుండె వేగము తగ్గినది, కావున మనశ్శాంతి నెలకొన్నది."

ఓ సోమవారం బుల్లబ్బాయి చెరువులో హాజరు నూటికి నూరు వచ్చింది. ఆరు దాటినా చేపలు పైనుంచి కదల్లేదు. మధ్యాహ్నమైనా కదల్లేదు. అవి వెల్లకిలా ఉన్నాయని కృపానందం ఫోన్ చేస్తే, సాయంత్రానికి స్పష్టీకరణ వచ్చింది: "ముఖము పైకి ఉన్నంత వరకు శయన స్థితిలో ఉన్న చేపలను కూడా హాజరైనట్లుగానే పరిగణించవచ్చును. అయితే వరుసగా మూడు వారములు అదే స్థితిలో కొనసాగినచో సంజాయిషీ కోరవలెను." బుల్లబ్బాయి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకుని గట్టు మీద కూర్చుని ఏడ్చాడు. ఆ తర్వాత అతను పొద్దున్నే లేవడం నేర్చుకున్నాడని చెప్పుకుంటారు.

కానీ అది తర్వాతి మాట. మోటార్లు ఆపలేక తిరిగొచ్చిన ఆ ఆదివారం నాంచారయ్య పెరట్లో మొహం కడుక్కుంటున్నాడు. భార్య కోటేశ్వరమ్మ సంతలో కొన్న కొర్రమీనును గిన్నెలో వేసి, అడుగున నాలుగు చెంబుల నీళ్లు పోసి, కత్తిపీట కోసం లోపలికెళ్లింది. కొర్రమీను గిన్నెలో పడి ఉంది. కాసేపటికి మూతి పైకెత్తి, ఓ గుటక గాలి మింగి, కిందికి దిగింది. మళ్లీ వచ్చింది. మళ్లీ దిగింది.

నాంచారయ్య తువ్వాలు భుజాన వేసుకుని అక్కడే గొంతుక్కూర్చున్నాడు. శీలావతికి నీళ్లలో గాలి చాలు. కొర్రమీనుకు చాలదు. ఎంత మంచి నీళ్లలో ఉన్నా అది పైకొచ్చి గాలి తాగాల్సిందే. దాని పుట్టుకే అంత.

"కోటేశూ, దీన్ని కొయ్యమాకు."

"మరి కూరేం చెయ్యమంటావ్?"

"ఏదోటి చెయ్యి. ఇది డ్యూటీలో చేరతంది."

సాయంత్రానికి ఊరంతా తిరిగి అరవై కొర్రమీనులు పోగుచేసి చెరువులో వదిలాడు. అతని చేపలు కిలో తూగుతున్నవి గనుక వాటిని మింగే భయం లేదు. కొర్రమీనుకు గట్టు వార గడ్డి, నాచు ఇష్టం. అతని చెరువులో గడ్డి తెగ పెరిగింది ఈశాన్య మూలనే. తెల్లవారి కృపానందం కర్ర పాతేసరికి అరవైకి అరవై అక్కడే మకాం పెట్టి ఉన్నాయి. వచ్చేది, గుటక వేసేది, దిగేది. వచ్చిన ప్రతిసారీ యాప్ దాన్ని కొత్త చేపగానే లెక్కవేసింది. ఆ లెక్కను తీసుకెళ్లి అయిదెకరాలతో హెచ్చవేసింది. ఏరేటర్లు నాలుగూ హాయిగా తిరుగుతున్నాయి. పదివేల శీలావతులూ బొచ్చెలూ అడుగున తమ పని తాము చూసుకుంటున్నాయి.

ఆరు గంటలకు ఫోను "రెండు వందల పన్నెండు శాతం" అంది.

కృపానందం గడ్డి వైపు చూశాడు. నల్లటి పాము తలలాంటిది ఒకటి పైకొచ్చి దిగింది. అతను నాంచారయ్య వైపు చూశాడు.

"ఏ చేపని సర్క్యులర్‌లో రాయలేదు గదండీ," అన్నాడు నాంచారయ్య.

"రాయలేదు," అన్నాడు కృపానందం. చాలా కాలం తర్వాత ఆ పూట అతనికి నవ్వొచ్చింది.

పదో రోజున నోటీసు వచ్చింది. పదివేల చేపలకు అనుమతి పొందిన చెరువులో ఇరవై ఒక్క వేల రెండు వందల చేపలు హాజరైనందున, అనధికారముగా నివసించుచున్న పదకొండు వేల రెండు వందల చేపలను వారము దినములలో తొలగించవలెనని దాని సారాంశం. నాంచారయ్యకు అంతకన్నా కావలసిందేముంది? పట్టుబడికి నెల ముందే అయినా, ప్రభుత్వ ఆజ్ఞ శిరసావహించి వల లాగించాడు. పదివేల చేపా ఒక్కటి కూడా ఊపిరాడక చావకుండా, మిలమిలలాడుతూ ఐసు పెట్టెల్లోకి వెళ్లాయి. తక్కిన పన్నెండు వందల అనధికార చేపల కోసం గాలింపు కొనసాగుతోందని కృపానందం జవాబు రాశాడు. కొర్రమీనులు మాత్రం వల కిందుగా బురదలోకి దూరి తప్పించుకున్నాయి.

ఇక చెరువులో చేపంటూ లేదు. ఆ సోమవారం హాజరు రెండు వందల ఎనిమిది శాతం.

ఉమాకాంతం గారు స్వయంగా వచ్చారు. గట్టు మీద షామియానా వేశారు. "ఆదర్శ చెరువు" అని బోర్డు పాతారు. నాంచారయ్యకు శాలువా కప్పి రెండు మాటలు చెప్పమన్నారు. అతను మైకు పట్టుకుని నీళ్లు నమిలాడు గానీ, అబద్ధం నోటికి రాలేదు.

"అయ్యా, ఈ చెరువులో చేపల్లేవండి."

జనం నవ్వారు. కమిషనర్ గారు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టారు. "చూశారా వినయం! కనిపిస్తున్నా లేవంటున్నాడు. ఒకప్పుడు ఇదే మనిషి కనిపించకపోయినా ఉన్నాయన్నాడు. పథకం మనిషిని ఎంత మార్చిందో గమనించండి."

మర్నాడు నాంచారయ్య కొత్త పిల్ల వదలడానికి అనుమతి అడుగుతూ అర్జీ పెట్టాడు. "సదరు చెరువు ఇప్పటికే రెట్టింపునకు మించి నిండి ఉన్నందున కొత్త చేపలకు తావు లేదు" అని జవాబొచ్చింది. ఆ కాగితం పట్టుకుని అతను గట్టు మీద చాలాసేపు నిలబడ్డాడు. చెరువులో చేప లేకుండా ఏడాది గడిస్తే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో కాగితంలో లేదు. పిల్ల వదిలితే అరవై కొర్రమీనులూ వారంలో ఊడ్చుకు తింటాయి. వాటిని తీసేస్తే హాజరు పోతుంది. హాజరు పోతే కరెంటు పోతుంది. ఎటు తిరిగినా తాడు మెడకే చుట్టుకుంటోంది.

రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు చెరువు తోడించేశాడు.

ఆ మధ్యాహ్నం కృపానందం వచ్చేసరికి పెరట్లో పెద్ద దాక పొయ్యి మీద ఉంది. చింతపండు పులుసు వాసన వీధిదాకా వస్తోంది. కోటేశ్వరమ్మ పీట వేసి విస్తరి పరిచింది.

"ఏంటి నాంచారయ్యా ఇది?"

"హాజరండి. వేడిగా ఉంది, తినండి."

కృపానందం చేయి కడుక్కుని కూర్చున్నాడు. మూడుసార్లు అడిగి వేయించుకున్నాడు.

చెరువు నింపి, అనుమతి కోసం చూడకుండా ఎనిమిది వేల శీలావతి పిల్ల వదిలాక వచ్చిన మొదటి సోమవారం ఈశాన్య మూల కర్ర పాతారు. ఏరేటర్లు తిరుగుతున్నాయి. అరగంట గడిచింది. ఫోను సున్నా చూపించింది. కృపానందం దాన్ని చేతిలో పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. యాప్‌లో అట్టడుగున "వ్యాఖ్య" అని ఓ గడి ఉంది. జిల్లా మొత్తంలో ఇంతవరకు ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. అతను వేలితో ఒక్కో అక్షరమే నొక్కాడు: "హాజరు సున్నా. చేపలు క్షేమం."

"బాబూ, మీ ఉద్యోగానికేవన్నా..." అన్నాడు నాంచారయ్య భయంగా.

"మొదటి రోజు ఆ గట్టు మీదే చెప్పాల్సింది. నోరు పెగల్లేదు," అని కృపానందం మీట నొక్కేశాడు.

ప్రధాన కార్యాలయంలో అలాంటిది ఎప్పుడూ జరగలేదు. సున్నా అయితే క్షేమంగా ఉన్నది ఎవరని గణాంక విభాగం అడిగింది. క్షేమమైతే సున్నా ఎందుకని తనిఖీ విభాగం అడిగింది. హాజరు కాకుండా క్షేమంగా ఉండే హక్కు చేపకు కలదా అని న్యాయ విభాగానికి రాశారు. న్యాయ విభాగం సంక్షేమ విభాగానికి పంపింది. సంక్షేమ విభాగం పథకం పుట్టినప్పటి నుంచి ఉన్న సర్క్యులర్లన్నీ జతచేసి పంపమంది. స్పష్టత వచ్చేదాకా చెరువును యథాతథంగా ఉంచాలని, కరెంటు జోలికి పోరాదని ఒక పాత నిబంధన ఉంది. ఫైలు లావెక్కింది. ఆ ఫైలు గురించి తెలిసిన రైతులు ఒక్కొక్కరే వచ్చి, తమ చెరువుకు కూడా అదే వ్యాఖ్య రాయమని కృపానందాన్ని బతిమాలారు. అతను ప్రతి చెరువు దగ్గరా నీళ్లు పరీక్షించి, ఏరేటర్లు తిప్పేవాళ్లకు మాత్రమే రాశాడు. అందరికన్నా ముందు రాయించుకున్నది బుల్లబ్బాయి.

ఏడాది తిరిగింది. మళ్లీ ముసురు పట్టింది. సోమవారం తెల్లవారి నాంచారయ్య, కృపానందం గట్టు మీద చెరో గ్లాసు టీ పట్టుకుని కూర్చున్నారు. చేప కిలోకి దగ్గరపడింది. అయిదున్నర అయింది, ఆరైంది. నాంచారయ్య కళ్లు చిట్లించి ఈ చివర నుంచి ఆ చివర దాకా చెరువంతా వెతికాడు. ఎక్కడా ఒక్క తలకాయ లేదు. అతని ప్రాణం కుదుటపడింది.